ఇరవై మూడు ట్రాకులు

మినిట్స్ పుస్తకంలో వాక్యం ఇలా ఉంది: "మిరియం గారు కోరిన ఇరవై మూడు ట్రాకులు కొని ఇచ్చుటకు సంఘ కమిటీ ఏకగ్రీవముగా తీర్మానించడమైనది."

మిరియం దాన్ని నిలబడే చదివింది. కూర్చోమని ఎవరూ అనలేదు. పుస్తకం పక్కన, బల్ల మీద, ఒక పెన్‌డ్రైవ్ ఉంది. దానికి ఎర్ర దారం కట్టారు. దారానికి అట్టముక్క తగిలించి దాని మీద ఆమె పేరు రాశారు.

"ఇరవై మూడు అడిగేవు. ప్రదీపు ఇరవై నాలుగు ఏయించేడు," అన్నాడు జెకర్యా. ఆయన సంఘ కార్యదర్శి, రిటైరైన హెడ్మాస్టరు. మేలు చేశామన్న తృప్తి ఆయన ముఖంలో ఉంది.

కోపం వస్తే మిరియంకు వెంటనే మాట రాదు. అరచేతులు వేడెక్కుతాయి. ఆమె చేతులు రెండూ కొంగులో చుట్టుకుంది.

ఆ చర్చిలో ట్రాకు అంటే అర్థం ఒక్కటే. ఎవరో ఎక్కడో వాయించి, పాడే గొంతు తీసేసి అమ్మే సంగీతం. స్పీకర్లో అది నడుస్తుంటే దాని మీద పాడతారు. పెళ్లికి ట్రాకు, బాప్తిస్మానికి ట్రాకు, సమాధుల దొడ్డిలో కూడా ట్రాకు. పాత హార్మోనియం గుడ్డ కప్పుకుని మూల కూర్చుని ఆరేళ్లయింది.

మిరియం అడిగిన ట్రాకు వేరు. సంగీతం రాసే సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో వాద్యానికి ఒక్కో వరస ఉంటుంది. మొదటి వయొలిన్లకు ఒకటి, రెండో వయొలిన్లకు ఒకటి, పిల్లనగ్రోవికి ఒకటి, తాళానికి ఒకటి. ఆ వరసను ట్రాకు అంటారు. మొదట అది ఖాళీ. అందులో ఉండాల్సినది రాసేవాళ్లు రాయాలి.

ఆమె ఇరవై మూడు ఖాళీలు అడిగింది. వాళ్లు ఇరవై నాలుగు నింపినవి కొన్నారు.

"నేను సాఫ్ట్‌వేర్ అడిగేనయ్యా," అంది చివరికి.

జెకర్యా ఫైలు తీసి ఆమె ఉత్తరం బయటికి లాగాడు. కళ్లజోడు సర్దుకుని, బడిలో తప్పు చూపించినట్టు వేలు పెట్టి చూపించాడు. ఇరవై మూడు ట్రాకులు నడిచే సాఫ్ట్‌వేర్ అని ఉంది. ట్రాకులనే రాసేవు గదమ్మా, నీ చేత్తోనే, అన్నాడు. సాఫ్ట్‌వేర్ అంటే ఏమిటని తాము ప్రదీపును అడిగామనీ, ట్రాకులు ఉంటే చాలు, ఆ సాఫ్ట్‌వేర్ తన దగ్గరే ఉందని అతను చెప్పాడనీ వివరించాడు.

ప్రదీప్ కుమార్ కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు. అతనికి పలాసలో మైకుసెట్లు అద్దెకిచ్చే షాపు ఉంది. ఆదివారం చర్చిలో కీబోర్డు ముందు కూర్చునేదీ, ట్రాకులు నొక్కేదీ అతనే.

"అయినా ట్రాకు మనిషి మీ ఇంట్లోనే ఉన్నాడు గదా సిస్టర్," అన్నాడు. "మమ్మల్నేటి అడుగుతారు?"

కమిటీ నవ్వింది. మిరియం భర్త నతానియేల్ పూండి స్టేషన్ పరిధిలో రైలు పట్టాల పని చేస్తాడు. పట్టాల పనివాళ్లను అక్కడ ట్రాక్‌మెన్ అంటారు. నవ్వు ఆగేదాకా మిరియం నిలబడింది. తర్వాత పెన్‌డ్రైవ్ తీసుకోకుండా బయటికి నడిచింది.

ఆ రోజు నుంచి ఆమె దగ్గర పంతొమ్మిది రోజులున్నాయి.

*

మిరియంకు నలభై మూడేళ్లు. పుట్టింది టెక్కలి పక్కన. చదివింది మిషన్ హాస్టల్లో, పదో తరగతి దాకా. అక్కడ సంగీతం నేర్పిన టీచరమ్మ పిల్లల్ని గొంతుల ప్రకారం విడదీసి నాలుగు వరసల్లో నిలబెట్టేది. మిరియంను రెండో వరసలో నిలబెట్టింది. రెండో గొంతు పాట కింద ఉంటుంది. పైగొంతు ఎటు వెళ్తే అటు వెళ్లదు. దాన్ని మోస్తుంది. కార్యక్రమం అయ్యాక తల్లిదండ్రులు వచ్చి పైగొంతు పాడిన పిల్లల్ని మెచ్చుకునేవాళ్లు. రెండో వరస పిల్లలు ఏం పాడారో ఎవరికీ వినపడేది కాదు. తాము పాడినట్టే తెలిసేది కాదు. మిరియం జీవితంలో మొదటి కోపం అది. పదకొండేళ్ల వయసులో వచ్చింది. తగ్గలేదు.

పెళ్లయి పూండి తూర్పు వైపున్న ఈ ఊరు వచ్చింది. పంతొమ్మిదేళ్లుగా పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో పని. మొదట తొక్క తీసే పని, తర్వాత ఏరే పని. గుండ్లు ఒక గంపలోకి, బద్దలు ఒక గంపలోకి, ముక్కలు ఒక గంపలోకి. చూడాల్సిన పని లేదు. వేళ్లకు తెలుస్తుంది. జీడిసొన తగిలి తగిలి ఆ వేళ్ల గీతలు చెరిగిపోయాయి. రేషన్ డిపోలో మిషన్ మీద వేలు పెడితే ఆమె ఆమె కాదని చెబుతుంది.

ఆ వేళ్లతోనే హార్మోనియం నేర్చుకుంది. తర్వాత నాలుగు స్థాయిల చిన్న కీబోర్డు కొనుక్కుంది. సెల్‌ఫోన్‌లో ఊరూ పేరూ తెలియని దేశాల వాద్యబృందాలు వాయించడం చూసింది. డెబ్బై మంది కలిసి వాయిస్తారు. అందులో ఎవరూ ఊరికే కూర్చోరు. రెండో వయొలిన్ల వాళ్లకు కూడా ప్రత్యేకంగా కాగితాలుంటాయి. ఆమె అన్నిటికంటే ముందు చూసింది ఆ కాగితాలనే.

సంఘానికి ఫిబ్రవరిలో నూరేళ్లు నిండుతాయి. పండుగ రోజున వినిపించడానికి మిరియం ఒక వాద్యరచన మొదలుపెట్టింది. పదకొండు నిమిషాలు. దాని నడుమ స్త్రీల సమాజం వాళ్లు పాడే పాట ఉంటుంది. ఆ పాట ఏ పాటల పుస్తకంలోనూ లేదు. నౌపడ ఉప్పుమళ్లలో గంపలు మోసిన ఆడవాళ్లు కట్టుకున్నది. వాళ్లలో ఒకామె ఈ సంఘంలో మొదట బాప్తిస్మం తీసుకున్నవాళ్లలో ఉంది.

*గంప దించేను తండ్రీ, గట్టు మీద ఆగేను.*

ఆగేను అన్న చోట అందరూ ఆగుతారు. అక్కడ ఒక పద్ధతి ఉంది. గుంపులో పెద్దావిడ ఊపిరి తీసుకుని తర్వాతి మాట ఎత్తేదాకా ఇంకెవరూ ఎత్తకూడదు. ఇప్పుడు పెద్దావిడ మార్తమ్మ, మిరియం అత్త. డెబ్బై ఒకటి. మంగళవారం, శుక్రవారం పలాసలో డయాలసిస్. మూడేళ్ల కిందట ఆ ఆగడం తాళంలో రెండు మాత్రలుండేది. ఇప్పుడు మూడున్నర. కొన్ని రోజులు నాలుగు. అంతసేపూ పదిమంది ఆడవాళ్లు నోళ్లు తెరిచి, శబ్దం లేకుండా, ఆమె వైపు చూస్తూ నిలబడతారు.

ఆ నిశ్శబ్దం కిందే మిరియం రచన అంతా కట్టింది. పాట ఆగిన చోట సెల్లోలు, అంటే లోతుగా పలికే పెద్ద వయొలిన్లు, ఒకే స్వరం పట్టుకుని ఉంటాయి. మార్తమ్మ ఎంతసేపు ఆగితే అంతసేపు.

అది అలాగే వినపడాలి. నూరేళ్ల పండుగ మళ్లీ రాదు. మార్తమ్మ వచ్చే ఏడాది పాడుతుందో లేదో మార్తమ్మకే తెలియదు.

*

సాఫ్ట్‌వేర్ వెతకడం సెప్టెంబరులో మొదలైంది. పని నుంచి వచ్చి, పొయ్యి మీద అన్నం పెట్టి, ఐదు నుంచి ఏడు దాకా. ఆదివారం మధ్యాహ్నాలు. పలాసలో కొన్న సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్, కీబోర్డు, చెవుల్లోకి ఫోను వైర్లు. వాటి ఇంగ్లీషు పేర్లు ఆమె గుర్తు పెట్టుకోలేదు. రంగులతో గుర్తు పెట్టుకుంది.

మొదటిది నల్లది. తెరవగానే ఏ మూడ్ కావాలని అడిగింది. విచారం, ఉత్సాహం, యుద్ధం, ప్రేమ. ఏదో ఒకటి నొక్కితే గానీ ముందుకు పోనివ్వలేదు. విచారం నొక్కింది. వెంటనే ఎనిమిది వయొలిన్లు ఏడవడం మొదలుపెట్టాయి. ఎవరి కోసం ఏడుస్తున్నాయో వాటికి తెలియదు. అది కూడా ట్రాకే. కాకపోతే ముక్కలు చేసి అమ్ముతున్నారు. ఆ సాయంత్రమే తీసేసింది.

రెండోది ఆకుపచ్చది. డబ్బు అడగలేదు. శబ్దాలు శుభ్రంగా ఉన్నాయి. ఎనిమిది వరసలు ఇచ్చింది. తొమ్మిదోది తెరవబోతే తలుపు మూసుకుంది. ఎనిమిదింట్లో సర్దుదామని చూసింది. రెండో వయొలిన్లనూ వయోలాలనూ మొదటి వయొలిన్ల వరసలోకి ఎక్కించింది. వింది. రెండో గొంతు మొదటి గొంతులో కరిగిపోయింది. హాస్టల్ స్టేజీ మీద నిలబడ్డట్టే ఉంది. ఆమె లాప్‌టాప్ మూత గట్టిగా వేసింది. మార్తమ్మ గదిలోంచి, ఏటైందే, అని అడిగింది. ఏమీ లేదని చెప్పింది.

మూడోది తెల్లది. తెర మీద ఐదు గీతలు, వాటి మీద స్వరాలు, టీచరమ్మ రాసినట్టే. దాని మీద ఆమెకు ఇష్టం కలిగింది. పదిహేను రోజులు రాసింది. ఎన్ని వాద్యాలైనా పట్టాయి. అయితే అది కాగితం రాసేవాళ్ల కోసం చేసిన వస్తువు. ఫోనులో రికార్డు చేసిన మార్తమ్మ గొంతును దాని పక్కన పరుచుకోవడానికి చోటు లేదు. ఎక్కడ ఎంత ఆగాలో అంకెల్లో చెప్పాలి. మూడున్నర అని చెబితే మూడున్నర ఆగేది. వింటే తప్పుగా ఉండేది. అంకె మార్చేది. మళ్లీ తప్పు. ఊపిరికి అంకె ఎందుకు చెప్పాలో ఆమెకు అర్థం కాలేదు.

నాలుగోది బూడిదరంగుది. చూడ్డానికి బాగుండదు. తనలో ఒక్క వయొలిన్ కూడా లేదు. శబ్దాలు వేరే చోట నుంచి తెచ్చి పెట్టుకోవాలి. రెండు నెలలు ఊరికే వాడనిస్తుంది. తర్వాత కొనాలి. ఆమె మార్తమ్మ గొంతును అందులోకి ఎక్కించింది. గొంతు కెరటంలా పరుచుకుంది. దాని మీద తాళం గీతలు సమాన దూరంలో నిలబడి ఉన్నాయి. మిరియం ఒక గీతను పట్టుకుంది. అది కదిలింది. దాన్ని లాగి, మార్తమ్మ మళ్లీ గొంతెత్తిన చోట పెట్టింది. ఉండిపోయింది. తర్వాతి గీత, ఆ తర్వాతిది. వయొలిన్లు, సెల్లోలు, ఏం రాసినా ఆ గీతల వెంట నడిచాయి.

ఇక్కడ గీతే పాట దగ్గరికి వస్తుంది.

నతానియేల్ డ్యూటీ నుంచి వచ్చి వెనక నిలబడి చూశాడు. గీతలు ఒకచోట దగ్గరగా, ఒకచోట దూరంగా ఉన్నాయి. ఇది తప్పు కాదా అని అడిగాడు. కాదని చెప్పింది.

"యార్డులో పాత లైనుంది గదా. పట్టాకీ పట్టాకీ నడుమ సందు ఒదుల్తాం," అన్నాడు. "తెలీనోడు సూత్తే పాడైందనుకుంటాడు. ఆ సందు మూసేసేవనుకో, ఎండలకి పట్టా వొంకర తిరుగుతాది."

ఆమె బూడిదరంగు దాన్నే ఎంచుకుంది. ఇరవై మూడు వరసలు. అన్నీ ఒకేసారి పలికితే లాప్‌టాప్ ఉక్కిరిబిక్కిరయ్యేది. రాసిన వరసల్ని ఒక్కొక్కటిగా బిగించి పక్కన పెట్టి, తర్వాతిది రాయడం నేర్చుకుంది. తెరిచిన ప్రతిసారీ అది మిగిలిన రోజులు చెప్పేది. యాభై రోజులు మిగిలినప్పుడు కమిటీకి ఉత్తరం రాసింది. పండుగ ఖర్చుల్లో సంగీతానికని ఒక పద్దు ఉంది. నెలకోసారి కూర్చునే కమిటీ ముప్పై ఒక్క రోజుల తర్వాత కూర్చుంది. కమిటీలో ఆడవాళ్లు లేరు. ఆమె మాట అక్కడికి కాగితం మీదే వెళ్లింది. ఆ కాగితంలోంచి వాళ్లు ఒక్క మాట ఏరుకున్నారు.

*

పెన్‌డ్రైవ్‌ను మరునాడు జెకర్యా ఇంటికే పంపించాడు. దండెం మీద వేలాడదీసి ఉంటే మార్తమ్మ చూసి, ఇదేటి, తాయెత్తా, అంది.

మిరియం విషయం చెప్పింది. ఉత్తరం మళ్లీ రాయమని నతానియేల్ అన్నాడు. తర్వాతి కమిటీ పండుగ అయ్యాకే కూర్చుంటుంది. జీతంలోంచి తనే కొనుక్కోవచ్చు. ఆమె కొననంది. సంఘం పని సంఘం సొమ్ముతో జరగాలి. మగవాళ్ల క్రికెట్ కిట్టుకు సంఘం సొమ్మిచ్చినప్పుడు ఉత్తరం అక్కర్లేకపోయింది. ఆమె కొనుక్కుంటే, కమిటీ ఇచ్చినది ఆమె తీసుకున్నట్టూ, పైన సరదాకి ఇంకేదో కొనుక్కున్నట్టూ అవుతుంది. దానికి ఆమె ఒప్పుకోదు.

బూడిదరంగుదానికి మిగిలిన పంతొమ్మిది రోజులూ రాసింది. ఫ్యాక్టరీలో చేతులు పప్పు ఏరుతుంటే పెదవులు స్వరాలు లెక్కపెట్టేవి. సూపర్‌వైజరు ఏం గొణుగుతున్నావని అడిగితే లెక్క తప్పి మళ్లీ మొదలుపెట్టేది. అప్పటిదాకా ఆమె రాసింది మెత్తగా ఉండేది. ఇప్పుడు మెత్తదనం చాలా చోట్ల కొట్టేసింది. ఇరవై మూడో వరస మొదటి నుంచీ ఖాళీగా ఉంది. ఏదైనా పెద్ద తాళవాద్యం పెడదామనుకుని, ఏం పలికించాలో తెలియక వదిలేసింది. ఇప్పుడు తెలిసింది. మూడో చరణంలో పాట ఆగే ముందు అడుగునుంచి దెబ్బ. ఒక్కొక్కటే. గంపలు నేల మీద దించిన చప్పుడు. పదకొండు దెబ్బలు, పదకొండుమంది ఆడవాళ్లకు. తాళం ప్రకారం పన్నెండో దెబ్బ పడాల్సిన చోట ఏమీ లేదు. సెల్లోలు మాత్రమే.

చివరి రోజు సాయంత్రం మొత్తాన్ని ఒక్క శబ్దంగా కూర్చి ఫోనులోకి ఎక్కించుకుంది. మరునాడు బూడిదరంగుది ఇక గడువు లేదని చెప్పింది. మిరియం చెప్పనిచ్చింది.

పండుగకు వారం ఉందనగా, సంగీతమంతా ముందుగా తనకు అందాలని ప్రదీప్ కుమార్ కబురు పెట్టాడు. కార్యక్రమం మొత్తం అతని లాప్‌టాప్ నుంచే నడుస్తుంది. మిరియం పంపింది. అందిందని అతను బొటనవేలి బొమ్మ పంపాడు.

*

రిహార్సల్ శనివారం మూడు గంటలకు. చర్చిలో బెంచీలు పక్కకు జరిపారు. గోడలకు కొత్త సున్నం వాసన. స్త్రీల సమాజం పదకొండుమందీ అర్ధచంద్రంగా నిలబడ్డారు. మార్తమ్మకు కుర్చీ వేశారు. ముందురోజు శుక్రవారం. ఆమె ఎడమచేయి కొంగు కింద దాచుకుని ఉంది. కుర్చీ వద్దని నిలబడింది.

ప్రదీప్ కుమార్ నొక్కాడు. వయొలిన్లు వచ్చాయి. స్పీకర్లు పెద్దవి. తన సంగీతాన్ని అంత పెద్దగా మిరియం ఎప్పుడూ వినలేదు. ఆడవాళ్లు ఎత్తుకున్నారు.

గంప దించేను తండ్రీ, గట్టు మీద ఆగేను.

ఆగారు. వయొలిన్లు ఆగలేదు.

మార్తమ్మ ఊపిరి తీసుకుంటోంది. సంగీతం తర్వాతి మాటలోకి వెళ్లిపోయింది. ఇద్దరు ముగ్గురు దాని వెంట పరుగెత్తారు. మిగతావాళ్లు మార్తమ్మ కోసం నిలబడ్డారు. పాట రెండుగా చీలింది.

మళ్లీ మొదలుపెట్టారు. మళ్లీ చీలింది.

మూడోసారి ప్రదీప్ కుమార్ మైకు అందుకున్నాడు. "మార్తమ్మ గారూ, ట్రాకుతో రావాలండి. ట్రాకు మీ కోసం ఆగదు."

మార్తమ్మ అతని వైపు చూసింది. "ఆగకపోతే ఎల్లమను బాబూ," అంది. "ఎక్కడిదాకా ఎల్తాదో మేమూ సూత్తాం."

కుర్చీలో కూర్చుంది. ఆమె కూర్చోవడం చూసి పదిమందీ నేల మీద కూర్చున్నారు. సంగీతం తన మానాన తను నడిచింది. ఎవరూ పాడలేదు. ఖాళీ చర్చిలో వయొలిన్లు చివరిదాకా వాయించి ఆగిపోయాయి. ఎనిమిది నిమిషాలకు పైన కొన్ని క్షణాలు.

మిరియం పంపింది పదకొండు నిమిషాలు.

ఆమె నడిచి ప్రదీప్ కుమార్ బల్ల దగ్గరికి వెళ్లింది. ఈసారి మాట వెంటనే వచ్చింది.

"ఎక్కడెక్కడ కోసేవు?"

అతను దాచలేదు. దాచాల్సినదని అనుకోలేదు. "గ్యాపులొచ్చేయి సిస్టర్, సాలా సోట్ల. ఎర్రరేమో అనుకున్నాను. తీసేసి సాపు సేసేను. బీటు కూడా పట్టించేను. ఇప్పుడు నీటుగా ఉంది గదా."

"గ్యాపు కాదది. మా అత్త ఊపిరి."

అతను నవ్వబోయి ఆపుకున్నాడు. వాద్యాలు మాత్రం బాగా కుదిరాయన్నాడు. ఏ సైటులో దొరికిందని అడిగాడు. ఇది ఏ ట్రాకో చెబితే దీని ఒరిజినల్ తెప్పిస్తానన్నాడు.

అప్పుడు మిరియంకు అసలు సంగతి తెలిసింది. ఈ వారం రోజులూ అది ఆమె రాసిందని అతను అనుకోలేదు. కోసేటప్పుడు ఒకరిది కోస్తున్నానని అతనికి తెలియదు. పొలం గట్టు మీద ఎవరిదీ కాని చెట్టు కొమ్మ నరికినట్టు నరికాడు.

"నేను రాసేను," అంది. "ఇరవై మూడు వరసలు. ఒక్కోటీ నేనే. నువ్వు కోసింది నాది."

జెకర్యా వెనక బెంచీలో కూర్చుని ఉన్నాడు. మిరియం ప్రదీప్ కుమార్ లాప్‌టాప్‌లోంచి వైరు లాగేసి తన ఫోనుకు గుచ్చింది. ఫోనును బల్ల మీద పెట్టి, ఆడవాళ్ల వైపు తిరిగింది. లేవమని అనలేదు. వాళ్లే లేచారు. మార్తమ్మ ఆఖరున లేచింది.

గంప దించేను తండ్రీ, గట్టు మీద ఆగేను.

ఆగారు. సెల్లోలు ఒక్క స్వరం పట్టుకుని నిలబడ్డాయి. మార్తమ్మ ఊపిరి లోపలికి వెళ్లింది. బయటికి వచ్చింది. మళ్లీ లోపలికి వెళ్లింది. సెల్లోలు అక్కడే ఉన్నాయి. ఫోనులో రికార్డు చేసిన రోజు ఆగినంతే ఆగి, ఆమె ఎత్తింది. ఎత్తిన మాట మీదే వయొలిన్లు లేచాయి, రెండో వయొలిన్లు కూడా, విడిగా, కింద, వినపడుతూ.

మూడో చరణంలో దెబ్బలు పడ్డాయి. పదకొండు. కిటికీ అద్దాలు అదిరాయి. పన్నెండోది పడలేదు. ఆ చోట సెల్లోలు మాత్రమే వినపడ్డాయి.

అయ్యాక జెకర్యా నిలబడ్డాడు. ఇదే పెట్టండి, అని ప్రదీప్ కుమార్‌తో అన్నాడు. మిరియంతో కార్యక్రమం కాగితాలు వచ్చాయని చెప్పి కట్ట విప్పించాడు. నాలుగు వందల కాగితాలు. పలాసలో వేయించినవి. సంఘం బొమ్మ, నూరేళ్ల తేదీలు, లోపల వరుసగా అంశాలు.

ఏడో అంశం: ప్రత్యేక గీతము. పాడువారు: స్త్రీల సమాజము. ట్రాకు: ప్రదీప్ కుమార్.

మిరియం చదివింది. ఈసారి కూడా నిలబడే.

"ఇది మార్చాల."

జెకర్యా నెమ్మదిగా వివరించాడు. కాగితాలు అచ్చయిపోయాయి. మళ్లీ వేయడానికి సమయం లేదు. ఆ కాగితం ఎవరు చదువుతారు, ప్రార్థన అయ్యాక బెంచీల మీద వదిలేసి పోతారు. పేరు కోసం పాకులాడటం విశ్వాసికి తగదు. పండుగ రోజున మైకులో పాస్టరు అయ్యగారి చేత చెప్పిద్దాం, మిరియం గారి సహకారంతో అని.

"సహకారమా," అంది మిరియం.

ఆమె అరచేతులు కాలుతున్నాయి. ఈసారి దాచుకోలేదు. బల్ల మీద పెట్టింది.

"పేరు కోసం పాకులాడకూడదంటే ఇక్కడున్న పేరు ఎందుకుంది? అది కొట్టేయండి, నాదీ రాయొద్దు. ఎవులదీ వొద్దు. అది ఉంటే మట్టుకు నాదే ఉండాల."

ప్రదీప్ కుమార్ వైర్లు చుట్టుకుంటూ, తనకేమీ పట్టింపు లేదన్నాడు. పట్టింపు లేకపోవడం అతనికి తేలిక. జెకర్యా ఇంకేదో చెప్పబోయాడు. ఆమె కట్టను తన వైపు లాక్కుంది. బెంచీ మీద కూర్చుంది. హ్యాండ్‌బ్యాగులోంచి పెన్ను తీసింది.

మొదటి కాగితం మీద ట్రాకు అన్న మాట కొట్టేసింది. పక్కన పేరు కొట్టేసింది. పైన ఏం రాయాలో చేయి ఆగింది. సంగీతం అనొచ్చు. ప్రదీప్ కుమార్ ట్రాకుల మీద కూడా సంగీతం అనే ఉంటుంది. రచన అంటే పాట మాటలు తనవని అనుకుంటారు. ఆమె అత్త వైపు చూసింది.

"అత్తా, ఈ పాట మొదట సేసినోల్లని మీరేటనీవోరు?"

"కట్టినోల్లనీవోరం," అంది మార్తమ్మ. "పాట కట్టినోల్లు. ఇంకేటంటారు?"

మిరియం రాసింది: *వాద్యం కట్టింది: మిరియం.* కాగితం పక్కన పెట్టింది. రెండోది తీసింది.

కొట్టివేత, కొట్టివేత, రాత, పక్కన. పంతొమ్మిదేళ్లు పప్పు ఏరిన చేతులు. చూడాల్సిన పని లేదు. ఆడవాళ్లు ఒకరిద్దరు సాయం చేస్తామన్నారు. వద్దంది. తన పేరు ఇంకొకరి చేత్తో ఉండకూడదు. వాళ్లు పోలేదు. చుట్టూ కూర్చున్నారు. రాసిన కాగితాల్ని ఒకామె సర్ది పెడుతోంది. బయట నతానియేల్ మోటారు సైకిలు మీద వచ్చి, తల్లిని ఇంటికి తీసుకెళ్తానన్నాడు. మార్తమ్మ కదలలేదు. అయ్యేదాకా ఉంటానంది.

ప్రదీప్ కుమార్ స్పీకర్లు ఆటోలో వేసుకుని వెళ్లిపోయాడు. జెకర్యా వెళ్లలేదు. తాళం చెవులు ఆయన దగ్గరున్నాయి. కాసేపు గుమ్మంలో నిలబడ్డాడు. కాసేపు గోడకున్న పాత ఫొటోలు చూశాడు. ఇంకెన్ని ఉన్నాయని ఒకసారి అడిగాడు.

మూడు వందల కాగితాలు దాటాక పెన్ను సన్నబడింది. మిరియం విదిలించింది. రెండు కాగితాల మీద రాసింది. ఆగిపోయింది.

ఆమె తలెత్తలేదు. చేయి చాచింది.

జెకర్యా ఆ చేతిని చూశాడు. వేళ్ల కొసలు నున్నగా, నల్లగా, గీతలు లేకుండా ఉన్నాయి. ఆయన జేబులోంచి తన పెన్ను తీశాడు. మినిట్స్ రాసే పెన్ను. మూత తీసి ఆ చేతిలో పెట్టాడు.

ఆమె తర్వాతి కాగితం అందుకుని ట్రాకు అన్న మాట కొట్టేసింది.